ఇసుక నేలలో తంగేడు: గింజ మొలవదు, మొక్క నిలవదు, పూసినా తేనెటీగ వాలదు

ఇసుకపర్ర (ప్రశ్న)

బాపట్ల దగ్గర, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు ఎనిమిది సెంట్ల స్థలం. నేలంతా దొడ్డు ఇసుక, తడిపి పిడికిట నొక్కినా ఉండ కట్టదు. అక్కడక్కడ గవ్వ ముక్కలు తగులుతాయి. ఒక పక్క వంగ, బెండ మడులు ఉన్నాయి. తేనెటీగలు, తుమ్మెదలు వచ్చేలా, ఎరువూ నీళ్లూ పెద్దగా అడగని మన నేల పొద ఒకటి గట్టు వెంట వరసగా పెంచాలని తంగేడు పెట్టాం. జరిగింది ఇది:

గింజలు 60 రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి వేస్తే నెల రోజుల్లో మొలిచినవి నాలుగు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు మూడు. అడుగున్నర గొయ్యి తీసి, సగం పశువుల ఎరువు, సగం ఇసుక కలిపి నాటాం, రోజూ మొక్కకు రెండు బకెట్లు. ఒకటి మూడు వారాల్లో వాడి చనిపోయింది. పీకి చూస్తే వేళ్ల దగ్గర ఎర్రమట్టి ముద్ద రాయిలా ఎండి ఉంది, చుట్టూ ఇసుక మాత్రం తడిగానే ఉంది. రెండోదానికి కొత్త ఆకులు పసుపు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే. మూడోది బాగుంది, పూసింది కూడా. కానీ దాని మీద తేనెటీగ వాలడం లేదు.

ఎక్కడ తప్పు? అసలు ఇసుకకు తంగేడు పనికొస్తుందా?

---

గింజలమూట

పనికొస్తుంది. గింజ సంగతి చెప్తాను, గోతి సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

తంగేడు గింజకు పైపొర నీళ్లు చొరనివ్వదు. చన్నీళ్లలో మూడు రోజులు ఉంచినా లోపలికి చుక్క దిగదు. మొలిచిన నాలుగూ ఎక్కడో గీసుకుపోయిన గింజలై ఉంటాయి. మిగతావి చచ్చిపోలేదండీ, ఇసుకలో అలాగే ఉన్నాయి, వచ్చే ఏడో ఆపై ఏడో అక్కడక్కడ లేస్తాయి.

ముందు పుచ్చులు ఏరాలి. ఎండిన కాయలోంచి తీసిన గింజల్లో సన్నటి గుండ్రటి చిల్లున్నవి పుచ్చు పురుగు తిన్నవి. కంటికి చిక్కనివి నీళ్లలో వేస్తే తేలతాయి, వాటిని పారేయండి. తర్వాత గ్లాసు గింజలకు ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, మూత తీసి ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు గింజలు పోసి తెల్లారేదాకా వదిలేయండి. పొయ్యి మీద ఉండగా గింజలు వేస్తే ఉడికిపోతాయి. చాలామంది చేసే పొరపాటు అదే.

పొద్దునకి కొన్ని ఉబ్బి దాదాపు రెట్టింపు అవుతాయి, కొన్ని వేసినవి వేసినట్టే ఉంటాయి. ఉబ్బినవాటిని అదే రోజు విత్తేయాలి. ఒకసారి నీళ్లు తాగిన గింజను మళ్లీ ఎండనిస్తే పోయినట్టే. ఉబ్బనివాటికి మళ్లీ అదే వేన్నీళ్ల పని.

తక్కువ గింజలైతే ఇంత హంగామా అక్కర్లేదు. గోళ్ల కత్తెరతో కన్నుకు (గింజ కాయకు అంటుకుని ఉన్న చోటి మచ్చ) ఎదురు పక్క అంచున చిన్న గాటు పెట్టి, మామూలు నీళ్లలో ఒక రాత్రి ఉంచితే చాలు. పైపొర తెగి లోపలి లేత రంగు కనపడగానే ఆపేయండి. కన్ను వైపు మాత్రం గాటు పెట్టొద్దు, మొలక అక్కడే ఉంటుంది. లేదా డబ్బా లోపల గరుకు కాగితం చుట్టి, గింజలు వేసి మెరుపు పోయేదాకా ఆడించండి.

లోతు రెండు సెంటీమీటర్లు. మామూలు నేలలో అంతకన్నా పైపైన వేస్తాం గానీ ఇసుక పైపొర మధ్యాహ్నానికే ఎండిపోతుంది. వారం పది రోజుల్లో మొలకలు కనిపించాలి.

సంచిలో పెంచేదీ నేరుగా వేసేదీ అంటే, మీ నేలకు నేరుగా వేయడమే నా ఓటు. తంగేడుకు తల్లివేరు త్వరగా దిగుతుంది. సంచి అడుగు తగిలితే చుట్ట చుట్టుకుంటుంది, ఆ చుట్ట తర్వాత విడదు. పాదుకు మూడు గింజలు వేసి, జానెడు పెరిగాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి పీకకుండా కత్తిరించండి. పీకితే ఇసుకలో పక్క మొక్క వేరు కూడా కదులుతుంది. సంచిలోనే అంటే పొడుగు సంచి తీసుకుని 45 రోజులు, మహా అయితే రెండు నెలల లోపు నాటేయాలి.

---

దొరువునీళ్లు

మొదటి మొక్క ఎందుకు పోయిందో మీరే రాసేశారు: ముద్ద రాయిలా ఎండింది, చుట్టూ ఇసుక తడిగా ఉంది. మట్టి రకం మారిన చోట నీళ్లు సులువుగా దాటవు. నర్సరీ సంచిలో ఎర్రమట్టి బిగువుగా ఉంటుంది. దాన్ని ఇసుకలో పెడితే పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచి జారిపోతాయి. ముద్ద ఒకసారి ఎండి కుంచించుకుందంటే దానికీ ఇసుకకీ మధ్య సందు పడుతుంది, ఇంక ఎన్ని బకెట్లు పోసినా ఆ సందులోంచే కిందికి. మొక్క తడి మధ్యలో దాహంతో చస్తుంది.

నర్సరీ మొక్క తెస్తే నాటే ముందు సంచితో సహా బకెట్ నీళ్లలో ముంచండి, బుడగలు ఆగేదాకా. సంచి కోసి, అడుగున చుట్టుకున్న వేళ్లతో పాటు ఒక అంగుళం ముద్ద కత్తితో తీసేయండి. పక్కల నిలువుగా మూడు నాలుగు చోట్ల అర అంగుళం లోతు గీతలు పెట్టి, వేళ్లతో ముద్ద అంచులు రాల్చి, అప్పుడు నాటండి. మొదటి నెల నీళ్లు ముద్ద నడినెత్తిన, మొదలు దగ్గరే పోయాలి. ఆ తర్వాతే బయటికి జరగాలి.

ఇంక ఆ సగానికి సగం పశువుల ఎరువు. ఇసుకలో అది ఆరు నెలల్లో కుళ్లి కరిగిపోతుంది, గొయ్యి కుంగుతుంది, మొక్క మొదలు నేల మట్టం కిందికి దిగుతుంది. సరిగ్గా మాగని ఎరువైతే చెదలూ వేరుపురుగూ అందులోనే కాపురం పెడతాయి. తంగేడుకు గొయ్యికి రెండు కిలోల మాగిన ఎరువు చాలు, అందులో 200 గ్రాముల వేప పిండి. ఇసుకకు కావలసింది ఎరువు కాదు, బంక. అది చెరువు మట్టిలో ఉంటుంది. ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, మొక్కకు రెండు తట్టల చొప్పున మీటరు వెడల్పు చుట్టూ చల్లి అడుగు లోతు దాకా పారతో తిరగేయండి. గొయ్యిలో మాత్రమే పోస్తే మట్టి కుండలో నాటినట్టే, వేరు బయటి ఇసుకలోకి పోవడానికి ఇష్టపడదు. అడుగున చెరువు మట్టి పొరలా పరిస్తే నీళ్లు నిలుస్తాయని కొందరు చెప్తారు. నిలుస్తాయి, తుఫాను వానకి వేరు కుళ్లేంతగా నిలుస్తాయి.

రెండు బకెట్ల లెక్క చూద్దాం. అడుగున్నర గొయ్యి అంటే సుమారు 90 లీటర్ల ఇసుక. దొడ్డు ఇసుక తనలో మొక్కకు అందేలా పట్టుకోగలిగేది నూటికి ఆరు నుంచి ఎనిమిది పాళ్లు, అంటే ఆరేడు లీటర్లు. మీరు పోసిన ముప్పై లీటర్లలో మిగిలిందంతా ఎరువు సారాన్ని కడుక్కుని కిందికి పోయింది. ఐదారు లీటర్లు, మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రెండు రోజులకోసారి, రెండో నెల నుంచి వారానికి రెండుసార్లు. వేరు తేమ వెతుక్కుంటూ దిగడం మొదలెట్టాక మొదటి వేసవి ఒక్కటి దాటించండి చాలు. రెండో వేసవికి దాని దారి అది చూసుకుంటుంది.

ఒక్కోసారి బాగా ఎండిన ఇసుక మీద నీళ్లు పోస్తే పాదరసంలా గుండ్లు కట్టి దొర్లిపోతాయి, గమనించే ఉంటారు. కుళ్లిన ఆకుల జిడ్డు రేణువులకు పట్టడం వల్ల అలా అవుతుంది. అప్పుడు ఒక లీటరు పోసి పది నిమిషాలు ఆగి మిగతాది పోయండి.

నీళ్లు ఎక్కడివి? లోతు బోరువైతే ఒకసారి పరీక్ష చేయించండి. మన తీరంలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలుచగా తేలుతుంటాయి, లోతుకు పోయేకొద్దీ ఉప్పు. అందుకే పెద్దలు దొరువులు తవ్వుకుని పైనీళ్లు ముంచుకునేవారు. లేత మొక్కలకు ఇ.సి. (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత కొలత) 2 dS/m లోపు ఉన్న నీళ్లైతే భయం లేదు.

---

ఇసుకపర్ర

నీళ్లు పాత దొరువువే, తియ్యగానే ఉంటాయి. పసుపు ఆకుల మొక్క సంగతి? యూరియా కొంచెం వేయమంటున్నారు. పప్పుజాతి కదా, నత్రజని తనే తయారు చేసుకోదా?

---

దొరువునీళ్లు

యూరియా వద్దు. నత్రజని లోపమైతే ముందు పాత ఆకులు పండుతాయి. కొత్త ఆకు పసుపు రంగుకు తిరిగి ఈనె ఆకుపచ్చగానే ఉందంటే ఇనుము అందడం లేదు. గవ్వ ముక్కలున్నాయన్నారుగా, దోసెడు పొడి ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని నురగొస్తే సున్నం ఉన్నట్టు. సున్నపు నేలలో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదు.

లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము. వేరుశనగకు పిచికారీ చేసే మందే. ముందు నిమ్మ ఉప్పు కరిగించి తర్వాత అన్నభేది వేయండి. కలిపిన రోజే వాడాలి, తుప్పు రంగు తిరిగితే పారబోయండి. సాయంత్రం పూట ఆకు తడిసేలా కొట్టి, పది రోజులకు మళ్లీ ఒకసారి. పాత పసుపు ఆకు మారకపోయినా కొత్త చిగురు పచ్చగా వస్తే పని అయినట్టే.

పప్పుజాతి అన్నమాట నిజమే గానీ తంగేడు వేరుకు బుడిపెలు రావు. చిక్కుడులా, వెంపలిలా గాలిలోని నత్రజనిని పట్టదు. బుడిపెలు కనిపించాయంటే సంతోషించకండి, అవి వేళ్లలో చేరే నులిపురుగు (నెమటోడ్) కట్టినవి. మీ వంగ, బెండ మడుల్లో ఇసుక నేలకి అది మామూలే. పాత మడి ఉన్న చోట తంగేడు పెట్టకుండా కనీసం ఆరడుగులు ఎడంగా జరపండి.

---

తుమ్మెదరెక్క

తేనెటీగ రాకపోవడం తప్పు కాదండీ. తంగేడు పువ్వులో తేనె లేదు. ఉన్నది పుప్పొడి ఒక్కటే, అది కూడా తాళం వేసి ఉంటుంది.

మూడో మొక్క పువ్వు ఒకటి కోసి దగ్గరగా చూడండి. పది కేసరాలుంటాయి. పైన మూడు వట్టివి, మధ్యవి పొట్టివి, కింద పొడుగ్గా వంగినవి కొన్ని. మామూలు పువ్వులో కేసరం నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది. ఇక్కడ చీలదు. కొసన సూది మొన అంత చిల్లు ఉంటుంది, ఉప్పు డబ్బా మూతలాగా. ఆ చిల్లులోంచి రాలాలంటే గట్టిగా వణికించాలి. తుమ్మెద పొట్టి కేసరాలను కావలించుకుని, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలను మాత్రం ఆడిస్తుంది. ఎగిరేటప్పటి మోత ఆగి, సన్నగా 'జీ' మని ఇంకో స్వరం వినపడుతుందే, అదే. పొట్టి కేసరాల పొడి దాని కడుపు కింద పడుతుంది, అది తిండి. పొడుగు కేసరాల పొడి వీపుకు, పక్కలకు అంటుతుంది, అది తర్వాతి పువ్వుకు.

మన పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెదలు చిందించింది ఏరుకోవడానికి ఎప్పుడైనా వస్తుంది, అంతే. ఉదయం పూట చూడండి. నల్లగా నిగనిగలాడే పెద్ద తుమ్మెదలు, పొట్ట మీద నీలి పట్టీలున్న చిన్నవి వస్తుంటే మీ తంగేడు చక్కగా పని చేస్తున్నట్టు.

మీకు ఇది కలిసొచ్చే సంగతి. వంగ పువ్వు కేసరాలకూ కొసన చిల్లే. టమాటాదీ అదే పద్ధతి. తంగేడుకొచ్చే చుట్టాలే వంగకూ కావలసిన చుట్టాలు. వంగ మడి పక్కన పెట్టడానికి ఇంతకన్నా మంచి పొద నాకు తట్టదు, నులిపురుగు విషయం పైన చెప్పింది పాటిస్తే.

అయితే తుమ్మెద పుప్పొడి ఒక్కదానితో బతకదు, దానికీ తేనె కావాలి. వరస మొత్తం తంగేడే పెట్టకుండా మూడింటికి ఒకటి చొప్పున ఇంకోటి కలపండి. తెల్ల జిల్లేడైనా ఊదా జిల్లేడైనా ఇసుకలో దానంతట అదే వస్తుంది, తుమ్మెదలు దాని తేనె కోసం పడి చస్తాయి. పాలు కళ్లలో పడకుండా చూసుకోండి, పిల్లలుంటే గట్టు చివరికి జరపండి. వావిలి కొమ్మ నాటినా బతుకుతుంది, తేనెటీగలు దానికి వస్తాయి. నేల మీద వెంపలి, తుమ్మి ఉంటే కలుపని పీకేయకండి. వెంపలికి బుడిపెలు నిజంగానే నత్రజనివి.

ఇల్లు కూడా కావాలి. నల్ల తుమ్మెద ఎండు కర్రలో, వెదురులో తొలుచుకుని గూడు పెడుతుంది. పాత సరుగుడు దుంగ ఒకటి, వెదురు బొంగులు నాలుగు నీడపట్టున కట్టి వదిలేయండి. నీలి పట్టీలది నేలలో గూడు చేసుకుంటుంది. అందుకని సరుగుడు ఆకో వేరుశనగ పొట్టో మొక్క చుట్టూ రెండు అంగుళాల మందాన పరవండి గానీ స్థలం మొత్తం కప్పేయకండి. ఎండ తగిలే చోట చాప వెడల్పు నేల ఉత్తగా, తవ్వకుండా, తొక్కకుండా ఉంచండి.

ఇంకోటి. ఆకుపచ్చ గొంగళి పురుగులు వచ్చి ఆకు తింటాయి. కంగారు పడి మందు కొట్టొద్దు. లేత పసుపు, తెలుపు రంగుల్లో ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలవి, తంగేడు వాటి పుట్టిల్లు. మొక్కను సగం దూసేసినా నెలలో చిగురు పెడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క ఒంట్లోకి ఎక్కి పుప్పొడిలోకి చేరతాయి, ఇక్కడ అతిథికి పెట్టేది పుప్పొడే కదా. వంగకు కూడా అది మానేయండి, లేకపోతే ఈ కష్టమంతా వృథా.

---

కొమ్మకత్తెర

రెండు మాటలు కలుపుతాను. మొదటిది, మూడో మొక్క పూసింది కాబట్టి అది తంగేడో కాదో నిర్ధారించుకోండి. పసుపు పూలున్న ప్రతిదాన్నీ తంగేడని అమ్మేస్తున్నారు. సీమ తంగేడు తెచ్చి గట్టున పెడితే నాలుగేళ్లలో చెట్టై వంగకు ఎండ రాకుండా చేస్తుంది. అసలు తంగేడు ఆకు మొదట్లో చెవి ఆకారంలో వెడల్పాటి రేకులు రెండు ఉంటాయి. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో 'ఆరిక్యులేటా' అంటే చెవులున్నదనే. ఈనె మీద ప్రతి జత ఆకుల మధ్య చిన్న ముల్లులాంటి గ్రంథి నిలబడి ఉంటుంది, చీమలు అక్కడ చేరతాయి. కాయ బల్లపరుపుగా, ఎండితే కాగితంలా. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది దీన్నే, బతుకమ్మలో గునుగుతో పాటు పేర్చేదీ ఇదే.

రెండోది కత్తిరింపు. వదిలేస్తే పది అడుగుల దాకా పోయి, కింద మోడుగా, పూలు కొసన మాత్రమే. అడుగున్నర ఎత్తులో ఒకసారి తల తుంచండి, నాలుగైదు కొమ్మలు వేస్తుంది. ఆ తర్వాత ఏటా తొలకరి పడగానే మూడో వంతు కోయండి. పువ్వు కొత్త కొమ్మ మీదే వస్తుంది కాబట్టి వానాకాలం పెరిగిన కొమ్మంతా దసరా నాటికి మొగ్గ తొడుగుతుంది. మండు వేసవిలో కోస్తే ఇసుక వేడికి కోసిన కొమ్మ కిందికంటా ఎండుతుంది. కోసిన రొట్ట పారేయొద్దు, మన రైతులు దాన్ని పొలంలో తొక్కించేవారు, మడిలో వేసి కప్పేయండి.

మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగులు. సరుగుడు నీడలో పెడితే ఆకే తప్ప పువ్వు చూడరు.

---

ఇసుకపర్ర

చెవులున్నాయి, గ్రంథులూ ఉన్నాయి, తంగేడే. ఈ ఉదయం చూస్తే నల్ల తుమ్మెదలు రెండు వచ్చాయి, ఆ 'జీ' వినపడింది. నిమ్మరసానికి నురగ కూడా వచ్చింది. గింజ ఎప్పుడు వేయాలి? మనకు తుఫాను వానలు అక్టోబరు, నవంబరులో కదా, అప్పటిదాకా ఆగనా?

---

గింజలమూట

ఆగొద్దు. అక్టోబరు వానకి కొత్త గింజ వేస్తే ఒక్క తుఫాను దెబ్బకి పైఇసుకతో పాటు కొట్టుకుపోతుంది. జూన్ చివర, జూలైలో వేయండి. అక్టోబరుకి మొక్క మోకాలెత్తై, వేరు బాగా దిగి ఉంటుంది, అప్పటి వానంతా దానికి లాభం. సముద్రం వైపు ఒక తాటాకు దడి కట్టండి, అడుగున్నర ఎత్తు చాలు. గాలికి ఎగిరే ఇసుక లేత కాండాన్ని గరుకు కాగితంలా గీకేస్తుంది. గింజకు మంచిదే, మొలకకు కాదు.

---

దొరువునీళ్లు

విత్తడానికి నెల ముందే చెరువు మట్టి తిరగేసి ఒకటి రెండు వానలు తాగనివ్వండి. మట్టి తెచ్చే చెరువు రొయ్యల గుంటల పక్కదైతే మాత్రం వద్దు, ఉప్పుంటుంది. ఆ 60 గింజల పాదులు తవ్వకండి. వాటి మీదుగా మట్టి చల్లి వదిలేయండి, మిగిలిన 56లో కొన్నైనా ఈ వానలకు లేస్తాయి.